తాడు స్టార్ట్ ఇంజనుకు బ్యాటరీ చార్జింగ్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది ఫైబర్ బోటు. 9.9 హెచ్‌పీ టూ స్ట్రోక్ అవుట్‌బోర్డ్, తాడు లాగి స్టార్ట్ చేసేది. రాత్రి వేటకు రెండు ఎల్ఈడీ లైట్లు, జీపీఎస్, ఫోన్ల చార్జింగ్ కావాలి. 40 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీని రోజూ రేవు నుంచి ఇంటికి మోసుకెళ్లి చార్జింగ్ పెడుతున్నాం. ఇంజను మీదే చార్జింగ్ అయ్యేలా చేసుకోవచ్చా? ఏమేం కొనాలి? (ఓడలరేవు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: చేసుకోవచ్చు. అయితే రూపాయి ఖర్చు పెట్టే ముందు ఇంజను మూత తీసి చూడండి. తాడు స్టార్ట్ ఇంజన్లలో కొన్నింటికి లైటింగ్ కాయిల్ (లైట్లకు, చార్జింగ్‌కు కరెంటు పుట్టించే తీగ చుట్ట) తయారీలోనే పెట్టి పంపుతారు. దాని తీగలు ఎవరూ వాడక అలాగే ఉండిపోతాయి. ఫ్లైవీల్ (ఇంజను పైన తిరిగే అయస్కాంతాల చక్రం) కింద నుంచి రెండు తీగలు బయటికొచ్చి, దేనికీ కలవకుండా, చివర రబ్బరు తొడుగులతో ఒక క్లిప్పులో ఇరికించి ఉన్నాయేమో వెతకండి. ఏళ్ల తరబడి ఉప్పు గాలి తగిలి ఆ తొడుగులు గట్టిపడతాయి. పైన నూనె, మడ్డి పేరుకుని చూడ్డానికి ఏదో పైపు ముక్కలా ఉంటాయి. గుడ్డతో తుడిస్తేగానీ తీగని తెలియదు.

తీగలు దొరికితే మల్టీమీటర్ 200 ఓంల మీద పెట్టి రెండింటి మధ్య చూడండి. సాధారణంగా ఒక ఓం లోపే వస్తుంది. అంత తక్కువ రీడింగులో మీటరు తీగల సొంత నిరోధం కూడా కలుస్తుంది కాబట్టి, ముందుగా మీటరు ముళ్లు రెండూ తాకించి వచ్చిన అంకెను తీసేయండి. తరువాత ఒక్కో తీగకూ ఇంజను బాడీకీ మధ్య చూడండి. ఏ తీగా బాడీకి తగలకూడదు. తగిలితే కాయిల్ ఒక చివర ఎర్త్ అయి ఉందని అర్థం. అలాంటి కాయిల్‌కు ఏసీని డీసీగా మార్చే నాలుగు డయోడ్ల బ్రిడ్జి పెట్టి, బ్యాటరీ మైనస్‌ను కూడా బాడీకే కలిపితే బ్రిడ్జిలోని ఒక డయోడు పని లేకుండా పోతుంది, ఇంకోటి సగం తరంగంలో కాయిల్ షార్ట్ మోస్తుంది. ముందు ఆ ఎర్త్ చివరను విప్పి వేరే తీగగా బయటికి తేవాలి.

తీగలు లేకపోతే ఫ్లైవీల్ తీయక తప్పదు. స్పార్క్ ప్లగ్గులు విప్పి పక్కన పెట్టి, తాడు చుట్టుకునే స్టార్టర్‌ను తీస్తే మధ్యలో పెద్ద నట్టు కనిపిస్తుంది. ఫ్లైవీల్‌ను హోల్డర్‌తో పట్టుకుని నట్టు వదులు చేయండి. ప్లగ్గు రంధ్రంలో స్క్రూడ్రైవర్ దూర్చి పిస్టన్‌ను ఆపే అలవాటు కొందరికి ఉంది, పిస్టన్ తలకు చిల్లు పడేది అలాగే. నట్టు తీశాక ఫ్లైవీల్ మీదున్న మర రంధ్రాల్లో బోల్టులు బిగించి లాగే మాగ్నెట్ పుల్లర్ వాడండి. అంచు పట్టుకుని లాగే మూడు కాళ్ల పుల్లర్ పనికిరాదు, అంచు వంగుతుంది, లోపలి అయస్కాంతాలు ఊడతాయి. క్రాంక్ కొస మీద సుత్తి దెబ్బ అసలే వద్దు.

ఫ్లైవీల్ తిరగేసి లోపల చూడండి. అయస్కాంతాలు చుట్టూ వరసగా ఉన్నాయా, ఇగ్నిషన్‌కు సరిపడా ఒకచోటే ఉన్నాయా అన్నది ఇక్కడ తేలుతుంది. చుట్టూ ఉంటే మంచిదే. కింద స్టేటర్ ప్లేటు (కాయిల్స్ బిగించే పలక) మీద ఇగ్నిషన్ కాయిల్‌కు ఎదురుగా మరలు కోసిన రెండు ఖాళీ దిమ్మలు ఉంటే, లైటింగ్ కాయిల్ కూర్చునే చోటు అదే. అవి రెండూ ఉంటే మీ మోడల్‌కు తగిన కాయిల్ ఒక్కటి తెచ్చుకుంటే చాలు. అయస్కాంతాలు చుట్టూ లేకపోతే ఫ్లైవీల్ కూడా మార్చాలి. అదే మోడల్‌లో సెల్ఫ్ స్టార్ట్ రకం ఫ్లైవీల్ పార్ట్ నంబరు, మీ ఫ్లైవీల్ నంబరు ఒకటేనా అని విడిభాగాల పటంలో పోల్చి చూసుకోండి. ఫ్లైవీల్ కొత్తది కొనాల్సి వస్తే మాత్రం ఈ పని మానుకుని, ఆ డబ్బుతో సోలార్ ప్యానెల్ కొనమనే మా సలహా.

కాయిల్ బిగించేటప్పుడు రెండు స్క్రూలకూ థ్రెడ్ లాక్ (మర సడలకుండా పట్టే జిగురు) చుక్క వేయండి. చాలా చిన్న ఇంజన్లలో థ్రాటిల్ తిప్పితే స్టేటర్ ప్లేటు కూడా కొంచెం తిరుగుతుంది, టైమింగ్ మారేది అలాగే. కాబట్టి కాయిల్ తీగలకు ఆ తిరుగుడుకు సరిపడా వదులు ఇవ్వండి. బిర్రుగా కట్టేస్తే కొన్నాళ్లకు తొడుగు లోపల రాగి తెగుతుంది. పైకి ఏమీ కనపడదు, చార్జింగ్ మాత్రం ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. ఫ్లైవీల్ కూర్చునే కోన్‌ను, ఫ్లైవీల్ లోపలి కోన్‌ను పొడి గుడ్డతో తుడవండి, నూనె గానీ గ్రీజు గానీ రాయొద్దు. మాగ్నెట్ కీ (ఫ్లైవీల్‌ను క్రాంక్ మీద సరైన చోట నిలిపే చిన్న లోహపు ముక్క) తన గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో చూసి, నట్టును టార్క్ రెంచ్‌తో మీ మోడల్ సర్వీసు పుస్తకంలో ఇచ్చిన అంకెకు బిగించండి. చేతి అంచనాకు వదిలితే నట్టు సడలి కీ కోసుకుపోతుంది, టైమింగ్ తప్పి ఇంజను వెనక్కి తన్నుతుంది. ప్లగ్గులు పెట్టకముందే చేత్తో నాలుగు చుట్లు తిప్పి, కాయిల్ ఎక్కడా అయస్కాంతానికి రాసుకోవడం లేదని చూసుకోండి.

కాయిల్ ఇచ్చేది ఏసీ. బ్యాటరీకి డీసీ కావాలి. ఆ పని రెక్టిఫయర్‌ది, వోల్టేజీని హద్దులో పెట్టేది రెగ్యులేటర్. రెండూ కలిసిన యూనిట్ మీ ఇంజను తయారీదారుదే దొరికితే అదే కొనండి. కాయిల్ తీగలు రెండూ దాని ఏసీ చివరలకు. ఇక్కడ ఏది ఎటు కలిపినా ఒకటే. దాని ప్లస్ నుంచి బ్యాటరీ ప్లస్‌కు ఒక తీగ, బ్యాటరీ మైనస్ నుంచి ఇంజను బాడీకి ఒక తీగ. ప్లస్ తీగలో 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాలి, అదీ బ్యాటరీకి జానెడు లోపే. తీగ ఎక్కడ నలిగి షార్టయినా కరెంటు పోసేది బ్యాటరీయే కదా, ఇంజను దగ్గర ఫ్యూజు పెడితే మధ్యలో తీగ అంతా కాలిపోతుంది.

తీగ 2.5 చదరపు మిల్లీమీటర్లది, వీలైతే తగరం పూత ఉన్న బోటు తీగ. బ్యాటరీ ముందు పలక దగ్గర పెట్టి ఐదు మీటర్లు లాగితే, రానూపోనూ పది మీటర్లకు 5 ఆంపియర్ల దగ్గర 0.35 వోల్టు దారిలోనే పోతుంది. అప్పుడు 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేయండి. అతుకులకు ఒట్టి టంకం నమ్మొద్దు, ఇంజను అదురుకు టంకం పక్కనే తీగ విరుగుతుంది. క్రింప్ చేసి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ తొడుగు వేయండి. ఏ అతుకూ బోటు అడుగు నీళ్లకు అందే ఎత్తులో ఉండకూడదు. మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గరి ఉప్పు నీళ్లలో ప్లస్ తీగ అతుకు నానితే, నీళ్లలోకి కారే కరెంటు ఆ అతుకులోని రాగినే తినేస్తుంది.

ఇక పరీక్ష. అవుట్‌బోర్డ్‌ను నీళ్లు లేకుండా నడపొద్దు, నీటి పంపులోని రబ్బరు రెక్కలు క్షణాల్లో కాలతాయి. పైభాగం కోసిన 200 లీటర్ల డ్రమ్ములో, ప్రొపెల్లర్ పైనుండే పలక మునిగేంత నీళ్లు పోసి స్టార్ట్ చేయండి. ఇంజను ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.4 వోల్టులు ఉందనుకోండి, న్యూట్రల్‌లో 2,000 ఆర్‌పీఎం దగ్గర మీటరు మెల్లగా పైకి కదలాలి. అంతకు మించి న్యూట్రల్‌లో ఎక్కువ లేపొద్దు. మిగతా పరీక్ష పాయలో బోటు మీదే చేయండి. 4,000 దాటాక 13.5కీ 14.5కీ మధ్య నిలబడితే సరిగ్గా ఉన్నట్టు. 14.8 దాటితే రెగ్యులేటర్ పనిచేయడం లేదు.

అన్నిటికంటే ముఖ్యం, ఎంత వస్తుందో ముందే లెక్క వేసుకోవడం. కాయిల్ మీద రాసిన 60 వాట్లు లేదా 80 వాట్లు ఇంజను దాదాపు పూర్తి వేగంలో ఉన్నప్పటి మాట. వల దగ్గర ఐడిల్‌లో నిలబడితే బ్యాటరీకి చేరేది నామమాత్రమే. మీరు మొగ దాటి వెళ్లడానికి గంట, రావడానికి గంట వేగంగా నడిపితే 60 వాట్ల కాయిల్‌తో గంటకు నాలుగు ఆంపియర్ల చొప్పున 8 ఏహెచ్. నాలుగు గంటల నెమ్మది నడకకు మహా అయితే 3. మొత్తం 11 ఏహెచ్ పోస్తే లెడ్ యాసిడ్ బ్యాటరీ తిరిగి ఇచ్చేది తొమ్మిది, తొమ్మిదిన్నర. మీ వాడకం చూడండి. 10 వాట్ల లైట్లు రెండు ఆరు గంటలకు 10 ఏహెచ్, 5 వాట్ల జీపీఎస్ ఎనిమిది గంటలకు 3 పైచిలుకు, రెండు ఫోన్లకు రెండున్నర. మొత్తం 16. రోజుకు ఆరేడు ఏహెచ్ లోటు. 40 ఏహెచ్ బ్యాటరీని సగానికి మించి దించకూడదు కాబట్టి, కాయిల్ ఒక్కదాన్నే నమ్ముకుంటే మూడు రోజులకోసారి మోత తప్పదు. దానికి తోడు 30 వాట్ల సోలార్ ప్యానెల్, చిన్న చార్జ్ కంట్రోలర్ పెడితే ఎండ ఉన్న రోజుల్లో ఆ లోటు పూడుతుంది. రెండూ ఒకే బ్యాటరీకి కలిపినా ఒకదానికొకటి అడ్డు రావు. ప్యానెల్‌కు విడిగా ఫ్యూజు పెట్టండి.

ప్రశ్న: 15 హెచ్‌పీ ఇంజనుకు బజార్లో కొన్న బ్రిడ్జి రెక్టిఫయర్ ఒక్కటి పెట్టాం. చార్జింగ్ బాగానే ఎక్కుతోంది గానీ వారానికోసారి బ్యాటరీలో నీళ్లు ఇంకుతున్నాయి. వేగం పెంచితే బల్బులు మాడుతున్నాయి. అంతకు ముందు పెట్టిన 7 ఏహెచ్ సీల్డ్ బ్యాటరీ పొట్ట ఉబ్బి పోయింది. (తాళ్లరేవు నుంచి)

జవాబు: మీ లోపం మీ ఉత్తరంలోనే ఉంది, రెగ్యులేటర్ లేదు. ఫ్లైవీల్‌లోవి శాశ్వత అయస్కాంతాలు. కారు ఆల్టర్నేటర్‌లాగా తగ్గించుకోవడం వాటికి తెలియదు, వేగం పెరిగినకొద్దీ వోల్టేజీ పెరుగుతూనే ఉంటుంది. బ్యాటరీ ఖాళీగా ఉన్నంతసేపు ఆ కరెంటంతా తాగి వోల్టేజీని తన దగ్గరే పట్టి ఉంచుతుంది. నిండాక పట్టదు. 15, 16 వోల్టులకు ఎక్కి నీళ్లు హైడ్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడిపోయి పోతాయి. బ్యాటరీ పెట్టెకు గాలి ఆడేలా రంధ్రాలుండాలి, పెట్రోలు ట్యాంకు పక్కన పెట్టకూడదు అనేది ఇందుకే.

7 ఏహెచ్ సీల్డ్ బ్యాటరీ 2 ఆంపియర్లకు మించి పట్టదు. దానికి ఐదారు ఆంపియర్లు పోశారు, ఉబ్బకేం చేస్తుంది? ఇలాంటి కాయిల్‌కు 35 ఏహెచ్‌కు తక్కువ బ్యాటరీ పెట్టొద్దు.

బల్బులు మాడటానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. టెర్మినల్ వదులై, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ ఒక్క క్షణం తెగితే కాయిల్ మీద బరువే ఉండదు. అప్పుడు 30, 40 వోల్టులు నేరుగా లైట్లకూ జీపీఎస్‌కూ వెళ్తాయి. టెర్మినల్ మీద చిలుము గీకి, బిగించి, పైన వ్యాజలీన్ రాయండి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ స్విచ్ కట్టేయడం, టెర్మినల్ పీకి చూడడం మానండి.

బ్రిడ్జిని కూడా ఒకసారి చూడండి. మీ దగ్గరున్నది ఎక్కువమంది వాడే కేబీపీసీ 3510 అయితే అది 35 ఆంపియర్లదే, కానీ వేడి పోయే దారి ఉంటేనే. 5 ఆంపియర్ల దగ్గర కూడా అందులో సుమారు 10 వాట్ల వేడి పుడుతుంది. గాలిలో వేలాడదీయకుండా, అడుగున హీట్ సింక్ పేస్టు రాసి, చదునైన అల్యూమినియం పలకకు బోల్టు వేయండి. నాలుగు కాళ్లలో మిగతా మూడింటికి అడ్డంగా తిరిగి ఉన్న కాలు ప్లస్, దానికి ఐమూలగా ఉన్నది మైనస్. మిగిలిన రెండూ ఏసీ. బ్యాటరీని ఒక్కసారి తిరగేసి కలిపారంటే డయోడ్లు అక్కడికక్కడే పోతాయి. అనుమానం వస్తే మీటరు డయోడు గుర్తు మీద పెట్టి చూడండి: ఒక వైపు అర వోల్టు చూపి, ముళ్లు మారిస్తే ఏమీ చూపకపోతే బాగున్నట్టు. రెండు వైపులా సున్నా చూపితే ఆ డయోడు షార్ట్ అయింది. అలాంటి బ్రిడ్జితో నడిపితే చార్జింగ్ పడిపోవడమే కాదు, కాయిల్ కాలుతుంది.

బైకు రెగ్యులేటర్ తెచ్చి పెట్టుకునే వాళ్లు చాలామంది ఉన్నారు. తప్పు కాదు, కానీ ఏది పడితే అది పనికిరాదు. హెడ్‌లైట్ ఏసీ మీద వెలిగే పాత బైకుల రెగ్యులేటర్ ఒక చివర ఎర్త్ అయిన కాయిల్ కోసం చేసింది, సగం తరంగాన్నే చార్జింగ్‌కు వాడుతుంది. మీ కాయిల్ రెండు చివరలూ విడిగా ఉంటే, లైట్లన్నీ డీసీ మీద నడిచే బైకులది, అదీ రెండు ఏసీ తీగలదే తీసుకోండి. మూడు ఏసీ తీగలున్నది త్రీ ఫేజ్‌ది. షంట్ రకమైతే బ్యాటరీ నిండాక మిగులు కరెంటును కాయిల్‌కే షార్ట్ చేసి తిప్పుతుంది కాబట్టి బాగా వేడెక్కుతుంది. రెక్కలున్న వైపు గాలికి ఉంచి, వీపు ఇనుముకు ఆన్చి బిగించండి.

లిథియం బ్యాటరీ గురించి కూడా అడుగుతున్నారు. లోపలి రక్షణ సర్క్యూట్ నిండగానే బ్యాటరీని తెంపేస్తుంది, అంటే నడుస్తున్న ఇంజనుకు టెర్మినల్ పీకినట్టే. 14.4 వోల్టుల దగ్గర కచ్చితంగా ఆగే రెగ్యులేటర్ ఉంటేనే ఆ ఆలోచన చేయండి. ఈ పనికి మా ఓటు నీళ్లు పోసుకునే మామూలు బ్యాటరీకే.

ప్రశ్న: లైటింగ్ కాయిల్ అక్కర్లేదు, ఇగ్నిషన్ కాయిల్ నుంచే ఒక తీగ లాగి చార్జింగ్ ఇస్తానని ఒక మెకానిక్ అంటున్నాడు. చేయించమంటారా? (భైరవపాలెం నుంచి)

జవాబు: వద్దు. సీడీఐకి (ప్లగ్గుకు నిప్పురవ్వ ఇచ్చే ఎలక్ట్రానిక్ పెట్టె) వెళ్లే ఆ కాయిల్ సన్నని తీగతో వేల చుట్లు చుట్టింది. అందులో వందల వోల్టులు ఉంటాయి గానీ ఆంపియర్లు ఉండవు. దానికి బ్యాటరీ తగిలిస్తే నిప్పురవ్వ చచ్చి ఇంజను ఆగుతుంది, అదీ మొగ దగ్గర కెరటాల్లో ఆగితే ప్రాణాల మీదికొస్తుంది. ఇంకో సంగతి. స్టాప్ బటన్ తీగ సీడీఐకే వెళ్తుంది. లైట్లకు తీగలు లాగేటప్పుడు దాన్ని ఖాళీ తీగ అనుకుని బ్యాటరీ 12 వోల్టులు తగిలిస్తే సీడీఐ మాడిపోతుంది. మూత కింద ఏ తీగ ముట్టుకునే ముందైనా అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కళ్లతో చూసుకోవాలి.

ప్రశ్న: మాది పొడవు షాఫ్టు డీజిల్ ఇంజను, హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేస్తాం. దానికి ఏం చేయొచ్చు? (అంతర్వేది దగ్గర నుంచి)

జవాబు: మీ పని ఒక రకంగా సులువు. పాత కారు ఆల్టర్నేటర్ బెల్టు మీద పెట్టుకోవచ్చు, రెగ్యులేటర్ అందులోనే ఉంటుంది. ఇంజను పుల్లీ ఆల్టర్నేటర్ పుల్లీకి రెండింతలు ఉండేలా చూడండి. ఇంజను 1,500 ఆర్‌పీఎం తిరిగితే ఆల్టర్నేటర్ 3,000 తిరుగుతుంది, చార్జింగ్‌కు అది చాలు. చాలా ఆల్టర్నేటర్లకు మొదట కొంచెం కరెంటు బయటి నుంచి అందాలి. తాళం స్విచ్ నుంచి 2, 3 వాట్ల 12 వోల్టుల బల్బు గుండా దాని చిన్న టెర్మినల్‌కు తీగ ఇవ్వండి. స్టార్ట్ కాగానే బల్బు ఆరితే చార్జింగ్ మొదలైనట్టు. 35 ఆంపియర్లు పూర్తిగా లాగితే ఇంజను మీద ఒక హెచ్‌పీకి పైగా బరువు పడుతుంది, ఎనిమిది హెచ్‌పీ ఇంజనుకు అది తెలుస్తుంది. ఉప్పు జల్లు పడకుండా రేకు డొప్ప కట్టండి గానీ వెనక ఫ్యాను రంధ్రాలు మూయొద్దు. బెల్టుకు గార్డు తప్పనిసరి, లుంగీ అంచో వల తాడో చిక్కితే చెయ్యి పోతుంది.

ప్రశ్న: చార్జింగ్ కాయిల్ పెడితే అవుట్‌బోర్డ్ వేగం తగ్గుతుందా, పెట్రోలు ఎక్కువ తాగుతుందా? (యానాం నుంచి)

జవాబు: 80 వాట్లంటే హెచ్‌పీలో పదో వంతు. నష్టాలు కలిపినా ఐదో వంతుకు మించదు. 9.9 హెచ్‌పీ ఇంజనుకు అది తెలియదు. వేగం తగ్గిందంటే ఫ్లైవీల్ తిరిగి బిగించడంలో కీ జరిగి ఉంటుంది, అక్కడ చూడండి.

ప్రశ్న: వేట నిషేధం రోజుల్లో బ్యాటరీ పాడైపోతోంది. జూన్‌లో బోటు దింపేసరికి పట్టుకోవడం లేదు. (బలుసుతిప్ప నుంచి)

జవాబు: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు, అదీ మన ఎండల్లో. సగం చార్జితో వదిలేసిన లెడ్ యాసిడ్ బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి మళ్లీ కరగదు. ఒడ్డుకెక్కించిన రోజే ఇంటి చార్జర్‌తో 12.7 వోల్టులు నిలిచేదాకా నింపండి, డిస్టిల్డ్ వాటర్ ప్లేట్లు మునిగేలా పోయండి. బోరు నీళ్లు, కాలువ నీళ్లు పోయొద్దు. రెండు టెర్మినళ్లూ విప్పండి. తీగలు అలాగే ఉంటే, జీపీఎస్ ఆపి ఉన్నా దాని ద్వారా కొద్దికొద్దిగా కారుతూనే ఉంటుంది. నీడలో చెక్క మీద పెట్టి, మే నెల మధ్యలో ఒకసారి మీటరు పెట్టి చూడండి. 12.4కు దిగితే మళ్లీ నింపండి. అదే వారంలో ఇంజనును డ్రమ్ములో మంచి నీళ్లతో పది నిమిషాలు నడిపి, కాయిల్ తీగల చివరలు విప్పి చిలుము ఉంటే గీకి, తిరిగి తొడుగు వేసి కట్టేయండి.